ఒకే ఇంట రెండు ప్రార్థనలా?



ఫిబ్రవరి నెల రాగానే హైదరాబాదు నుండి విజయవాడ వెళ్ళు రహదారిపై గుణదల యాత్రికుల బండ్లు కనబడును. నకిరేకల్లుకు, సూర్యాపేటకు నడుమనున్న కేతేపల్లి మీదుగానే అవి సాగిపోవును. ఆ దారి ప్రక్కనున్న మన కుటుంబములలో ఒక ప్రశ్న కూడ అప్పుడే తలెత్తును.

అటువంటి ఒక ఇంటికి మేము వెళ్ళితిమి. అత్త బాప్టిస్టు సంఘ సభ్యురాలు. కోడలు కతోలిక కుటుంబపు బిడ్డ. "అయ్యగారూ, పిల్లకు జరం తగ్గితే గుణదల వస్తనని మొక్కిందట. పోనియ్యాల్నా, వద్దనాల్నా?" అని అత్త అడిగింది. కోడలు కన్నీళ్ళతో, "నేను మరియమ్మను దేవుడంటలేను. మా అమ్మను నాకోసం ప్రార్థన చెయ్యమన్నట్టే అడుగుతున్న" అన్నది. అప్పటికి వారమునుండి ఆ ఇంట కుటుంబ ప్రార్థన ఆగిపోయింది.

ముందుగా ఎదుటివారి మాట సరిగా విందాము. ఆరాధన దేవునికే, మరియకు గౌరవము మాత్రమే అని కతోలిక సంఘము బోధించుచున్నది. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని 1964లో రెండవ వాటికన్ మహాసభ కూడ ఒప్పుకొన్నది. మరియను "సహ రక్షకురాలు" అని పిలుచుట తగదని 2025 నవంబరులో వాటికన్ స్వయముగా ప్రకటించినది. కాబట్టి "వారు మరియనే దేవుడంటారు" అని మనము చెప్పినయెడల అది అబద్ధ సాక్ష్యమగును.

అయితే భేదము లేదనుట కూడ సత్యము కాదు. మరియ జన్మపాపము లేక పుట్టెనని 1854లోను, శరీరముతో పరలోకమునకు కొనిపోబడెనని 1950లోను పోపులు సిద్ధాంతములుగా ప్రకటించిరి. వీటికి మనకు లేఖనాధారము కనబడదు. గుణదల కొండపై 1924లో మరియ స్వరూపమును నిలిపిరి. అక్కడ కొబ్బరికాయలు, తలనీలాలు సమర్పించువారిలో అన్ని మతములవారు ఉన్నారు. సామాన్యుల మనస్సులో గౌరవము ఎక్కడ ఆగునో, ఆరాధన ఎక్కడ మొదలగునో ఎవరు గీత గీయగలరు? మన భయమంతయు ఇదే. మనము తండ్రియొద్దకు వెళ్ళుటకు కుమారుడు చాలును (1 తిమోతి 2:5).

కాని మనలోనూ ఒక లోపమున్నది. విగ్రహమునకు భయపడి ఆ తల్లినే మరచిపోతిమి. క్రిస్మస్ నాటకములో తప్ప మన ప్రసంగములలో ఆమె పేరు వినబడుట అరుదు. అన్ని తరములవారు తన్ను ధన్యురాలందురని ఆమె చెప్పిన మాట మన బైబిలులోనూ ఉన్నది (లూకా 1:48). మార్టిన్ లూథర్ 1521లో ఆమె స్తుతిగీతముపై ఒక వ్యాఖ్యానమే వ్రాసెను. దీనురాలైన ఒక పల్లె పడుచు దేవుని మాటకు లోబడిన సంగతి మన కుమార్తెలకు ఎవరు చెప్పవలెను?

మేము ఆ అత్తతో ఇట్లు చెప్పితిమి: "అమ్మా, బిడ్డను స్వస్థపరచినవాడు దేవుడే. మొక్కు తీర్చకపోతే మరల జ్వరము వచ్చునను భయము కోడలికి ఉంటే, ఆ భయమును వాక్యముతో తీసివేయుము, కోపముతో కాదు. ఆమె జపమాలను లాగివేయకుము." కోడలితో, "కానా పెండ్లిలో ఆ తల్లి పనివారిని తనవైపు త్రిప్పుకొనలేదు, కుమారుని మాట వినుమన్నది. నీవును నేరుగా ఆయననే అడుగవచ్చును" అంటిమి. ప్రయాణము సంగతి భార్యాభర్తలకే విడిచితిమి.

యేసుప్రభువు సిలువపై నుండి తన తల్లిని శిష్యునికి అప్పగించగా, అతడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను (యోహాను 19:27). మరియ పేరు చివరిసారి కనబడునప్పుడు ఆమె ఇతరులతో కలిసి ప్రార్థించుచున్నది (అపొ. కార్య. 1:14). అట్టి తల్లి పేరున మన ఇండ్లలో ప్రార్థన ఆగిపోవచ్చునా?

ఆ రాత్రి అత్తాకోడళ్ళు చాపమీద ప్రక్కప్రక్కన మోకరించిరి. ఇద్దరూ కలిసి చెప్పగలిగిన ప్రార్థన ఒకటున్నది, ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన. దానితోనే మొదలుపెట్టిరి.