నీరు ఆరేలోపు

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకి తలతన్యత పాఠం చెబుతున్నాను. మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, మా ఇంట్లో కిటికీ అద్దాలు బోరు నీళ్లతో ఎంత కడిగినా ఆరాక తెల్లమచ్చలు పడతాయండి. మా వీధి చివర బట్టల షాపులోనూ అవే నీళ్లండి. అక్కడి అన్నయ్య వైపర్‌తో ఒక్క లాగు లాగితే మచ్చ ఉండదు. ఎందుకండీ?"

ఆ అమ్మాయిది ఆకివీడు. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "సబ్బు వాడతాడు కదమ్మా" అన్నాను. "మేమూ వాడతామండి" అంది. ఇంతలో గంట కొట్టారు. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే ఏలూరు రైలెక్కింది.

మచ్చ ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడాలి. ఆకివీడు దగ్గర్లోనే, కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంది కొల్లేరు సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు అందులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. వేసవిలో సరస్సు మట్టం తగ్గితే అదే ఉప్పుటేరులో సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. ఆ చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే చాలు, ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కులేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ 2000నే లెక్కకు తీసుకుందాం. చదరపు మీటరు అద్దం మీద 10 మైక్రాన్ల మందాన నీళ్లు మిగిలాయంటే, అవి 10 మిల్లీలీటర్లు. అవి ఆరితే 20 మిల్లీగ్రాముల ఉప్పూ సున్నమూ అద్దాన్ని పట్టుకుంటాయి. మిగిలింది ఒక్క మైక్రానే అయితే 2 మిల్లీగ్రాములు. అదీ అద్దమంతటా పలచగా పరుచుకుంటుంది కాబట్టి కంటికి ఆనదు.

నీళ్లు పొరలా కాక చుక్కలుగా నిలిస్తే ఇంకో చిక్కు. చుక్క అంచు పలచగా ఉంటుంది, అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతూ, తనలో ఉన్నదంతా అక్కడికి మోసుకుపోతుంది. అందుకే మచ్చ ఎప్పుడూ గుండ్రటి గీతలా పడుతుంది. కాఫీ ఒలికిన చోట మరక చుట్టూ కనిపించే నల్లటి అంచుకీ ఇదే కారణమని షికాగో విశ్వవిద్యాలయంలో డీగన్, ఆయన సహచరులు 1997లో చూపించారు.

అంటే నీళ్లు ఆరేలోపు అద్దం మీంచి వెళ్లిపోవాలి. తడిగుడ్డ నీళ్లను అటూ ఇటూ పులుముతుందే తప్ప పంపించదు. పాత వార్తాపత్రిక గుడ్డ కంటే నయమని నాన్నమ్మలు చెప్పేది నిజమే, అది నీళ్లు పీల్చేస్తుంది. వైపర్ పీల్చదు, పులమదు. నీళ్లను గట్టుకు తోసినట్టు తోసేస్తుంది. చూడటానికి కర్రకు బిగించిన రబ్బరు ముక్కే. దాని తెలివంతా ఆ రబ్బరు మూలలో ఉంది.

ఏలూరులో ఒక వైపర్ కొని, దానికి రెండు రబ్బరు పట్టీలు తీసుకున్నాను. ఒకదాని అంచు కోసినట్టు లంబకోణంలో ఉంది. రెండోదాని అంచును గరుకు కాగితం మీద రుద్ది గుండ్రంగా చేశాను. ఒకే అద్దం, ఒకే సబ్బునీరు, ఒకే చెయ్యి. మొదటి పట్టీ లాగితే దాని వెనక ఊదిన ఊపిరిలాంటి చెమ్మ మిగిలి, నేను 'ఒకటి' అనేలోపు మాయమైంది. రెండో పట్టీ వెనక నీళ్లు మెరుస్తూ మిగిలిపోయాయి. అరగదీసింది ఎంతని? వేలితో తడిమితే తేడా సరిగా తెలియనంత.

కారణం వెతికితే అది తాడేపల్లిగూడెం రైస్ మిల్లుల్లో దొరికింది. మిల్లు షాఫ్టు తిరిగే బేరింగులో ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్య నూనె పొర ఉంటుంది. ఆ పొర షాఫ్టు బరువును ఎలా మోస్తుంది? 1883లో బోషాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రైలు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ నూనెలో పెద్ద పీడనం పుడుతోందని కనిపెట్టాడు. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దాన్ని గణితంలో పెట్టాడు. ముందు వెడల్పుగా, పోనుపోను ఇరుకుగా ఉండే సందులోకి ద్రవాన్ని ఈడ్చుకుపోతే, ఆ ఇరుకులో దాని పీడనం పెరిగి పై వస్తువును ఎత్తి పట్టుకుంటుంది. మిల్లు షాఫ్టు నిజానికి నూనె మీద తేలుతూ తిరుగుతోంది.

అరిగిన వైపర్ కింద జరిగేదీ అదే. గుండ్రటి అంచుకీ అద్దానికీ మధ్య సరిగ్గా అలాంటి ఇరుకు సందు ఏర్పడుతుంది. నీళ్లు అందులోకి దూరి రబ్బరును ఎత్తేస్తాయి. ఎంత వేగంగా లాగితే అంత ఎక్కువ ఎత్తుతాయి. పదునైన మూల ఉన్న పట్టీలో ఆ సందే దాదాపు ఉండదు. చేతి బలమంతా సన్నటి గీత మీద పడుతుంది, నీళ్లకు దూరే దారి మూసుకుపోతుంది. బేరింగుకు ప్రాణం పోసే సూత్రమే వైపర్‌కు శత్రువు కావడం నాకు ఎంతో నచ్చింది. పిల్లలకు చెప్పినప్పుడు బోర్డు మీద రెండు బొమ్మలూ పక్కపక్కనే వేశాను.

అలాగని నీళ్లు పూర్తిగా పోతే పని జరగదు. పొడి అద్దం మీద రబ్బరు కిర్రుమంటూ పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. రబ్బరు మొత్తంగా జారదని, దాని ఉపరితలం మీద సన్నటి ముడతలు అలల్లా పాకుతూ దాన్ని ముందుకు జరుపుతాయని అడాల్ఫ్ షల్లామాఖ్ 1971లో చూపించాడు. గొంగళిపురుగు నడక లాంటిదది. సబ్బు పని ఇక్కడ మొదలవుతుంది. అది రబ్బరు కింద ఒక పలచని జారుడు పొరను నిలుపుతుంది. నీటి తలతన్యతను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి సగానికి పైగా తగ్గించి, జిడ్డున్న చోట కూడా నీరు చుక్కలుగా విడిపోకుండా చేస్తుంది. నేను ఆ రోజు క్లాసులో 'సబ్బు' అన్నది తప్పు కాదు, సగమే చెప్పాను.

ఈ రబ్బరు మూల వెనక ఒక చరిత్ర ఉంది. పూర్వం ఓడల డెక్కుల మీద నీళ్లు తోయడానికి తోలు అంచున్న పలకలు ఉండేవి. గుడ్‌ఇయర్ అనే ఆవిష్కర్త 1844లో గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక తోలు పోయి రబ్బరు వచ్చింది. అమెరికాలో అద్దాలు తుడిచేవాళ్ల చేతికి షికాగో రకం వచ్చింది. బరువైన ఉక్కు పనిముట్టు, రెండు గులాబీరంగు రబ్బరు పట్టీలు. మొదటిది వదిలిందాన్ని రెండోది తుడుస్తుందని అనిపిస్తుంది. కానీ ఉన్న ఒక్క చేతి బలాన్నీ రెండు అంచులు పంచుకోవాలి, దేనికీ పూర్తి నొక్కు అందదు. పైగా పట్టీ మార్చాలంటే పన్నెండు స్క్రూలు విప్పాలి. పన్నెండు స్క్రూలంటే ఎవరైనా రేపు మారుద్దాంలే అనుకుంటారు. అంచు గుండ్రబడుతూనే ఉంటుంది.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో అద్దాలు తుడుచుకు బతికే ఇటలీ వలసదారు ఎటోరే స్టెకోనే 1936లో ఈ పనిముట్టు రూపాన్నే మార్చేశాడు. తేలికైన ఇత్తడి పిడి, మెత్తగా వంగే పదునైన పట్టీ ఒకే ఒక్కటి. రోజంతా ఆ బరువు మోసిన చెయ్యే దాన్ని తగ్గించింది. ఇవాళ మనం కొనే ప్రతి గ్లాస్ వైపర్ దాని వారసురాలే. తర్వాతి కథ చిన్నది. 1964లో జర్మనీలో వైపర్లు చేసే ఉంగర్ కంపెనీ వచ్చింది, అల్యూమినియం, స్టీలు వచ్చాయి. వేగం పోటీలు కూడా వచ్చాయి. టెర్రీ బర్రోస్ అనే ఇంగ్లండు అతను 2009లో 114 సెంటీమీటర్ల చదరపు అద్దాలు మూడింటిని 9.14 సెకన్లలో శుభ్రం చేశాడు.

ఇప్పుడు వైపర్‌కు అసలు ప్రత్యర్థి శుద్ధజలం. పొడవాటి గొట్టం చివర బ్రష్షు, దాంట్లోంచి లవణాలు తీసేసిన నీరు. కడిగి అలాగే వదిలేస్తారు. ఉప్పే లేనప్పుడు ఆరినా మచ్చ ఎక్కడిది? ఒకరు నీటిని తీసేస్తున్నారు, ఇంకొకరు నీటిలో ఉన్నదాన్ని తీసేస్తున్నారు. మా ల్యాబ్ కిటికీలో రెండు అద్దాలు ఆరబెట్టాం, ఒకటి ఆకివీడు బోరు నీళ్లతో, ఒకటి ఇరవై లీటర్ల టిన్నులో వచ్చే నీళ్లతో. రెండోది చాలా మెరుగ్గా ఉంది. అయినా దగ్గరగా చూస్తే లేతగా వలయాలు ఉన్నాయి. టిన్ను నీళ్లలో లవణాలు తగ్గుతాయి, సున్నా కావు. ఈ పనికి దాదాపు సున్నా కావాలి. అంత ఖర్చు పెట్టేకంటే మన ప్రాంతానికి రబ్బరు మూలే చవక అని నా నమ్మకం.

ఇంత చదివీ చేతిపని చూడకపోతే తృప్తి లేదు. ఏలూరులో ఒక షోరూము అద్దాలు తుడిచే కుర్రాడి దగ్గర పొద్దున ఏడింటికే నిలబడ్డాను. "ఎనిమిది దాటితే ఎండ పడిపోద్దండి. నీళ్లు ఆరిపోతే ఇంక మన చేతిలో ఉండదండి" అన్నాడు. నురుగు పట్టించి, పై అంచున వేలెడు వెడల్పున గుడ్డతో పొడి చేశాడు. రబ్బరు ఆ పొడి గీత మీద కూర్చుంటే పైనుంచి నీరు కారదు. తర్వాత పైనుంచి కిందికి పాము నడకలా, పట్టీ ఎక్కడా అద్దాన్ని వదలకుండా, మలుపు దగ్గర మణికట్టు మాత్రమే తిప్పుతూ వచ్చాడు. పట్టీ పై కొన కాస్త ముందుండేలా వాల్చి పట్టుకున్నాడు, తోసిన నీరు ఇంకా తడిగా ఉన్న వైపే పోవడానికి. పట్టీ ఎప్పుడు మారుస్తావని అడిగాను. "మార్చే ముందు తిరగేస్తానండి. రెండో అంచు కొత్తదే కదండీ" అన్నాడు.

కింది ఫ్రేము మూలలో ఒక్క చుక్క నిలిచింది. ఎండ అప్పుడే మెట్ల దాకా వచ్చింది. చూపుడు వేలికి గుడ్డ చుట్టి దాన్ని అద్దుకుని, అతను తర్వాతి అద్దానికి బకెట్ జరిపాడు.