రిస్ట్ బ్రేస్ కొన్నారు సరే, అది ఎందుకు పనిచేయట్లేదు?

ఈ ఎపిసోడ్‌లో కెమెరా ముందు మూడు వస్తువులు పెట్టాను. వీడియో చూడకుండా ఇక్కడ చదువుకునేవాళ్ల కోసం అవేంటో చెప్తాను. ఒకటి, సాగే గుడ్డతో చేసిన నల్లటి పట్టీ, బొటనవేలు దూర్చడానికి చిన్న లూప్ ఉంటుంది. రెండోది, అరచేతి వైపు లోపల అల్యూమినియం బద్ద ఉన్న స్ప్లింట్. మూడోది కూడా అలాంటిదే, కానీ బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచుతుంది. మెడికల్ షాపుకెళ్లి "మణికట్టు నొప్పండి, ఏదైనా బెల్ట్ ఇవ్వండి" అని అడిగితే ఈ మూడింట్లో ఏదైనా చేతికి రావచ్చు. ఏది వస్తుందన్నది ఆ రోజు షాపులో ఏ స్టాక్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, మీకేమైంది అన్నదాన్ని బట్టి కాదు. ఆన్‌లైన్‌లో అయితే ఇంకా ఘోరం. మూడూ ఒకే పేరుతో, ఒకే రకం ఫొటోలతో ఉంటాయి.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, ఐదేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇలా కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే ఇందులో నేనొక తప్పు చేశాను. అది నా చేతి విషయంలో అయ్యుంటే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. అమ్మ చేతి విషయంలో చేశాను.

అమ్మ తెనాలిలో జాకెట్లు కుడుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో మిషన్ చప్పుడే. రెండేళ్ల క్రితం రాత్రి రెండింటికో మూడింటికో లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి తిమ్మిరెక్కిపోతోంది, దులుపుకుంటే కాసేపటికి పోతోంది అనేది. వీధిలో అందరూ "నరాల వీక్‌నెస్ వదినా" అన్నారు, బి కాంప్లెక్స్ టాబ్లెట్లు నడిచాయి. నేను హైదరాబాద్‌లో కూర్చుని అరగంట గూగుల్ చేసి, ఇది కార్పల్ టన్నెల్ అని తేల్చేసి, నాలుగున్నర స్టార్లున్న బ్రేస్ ఒకటి ఆర్డర్ పెట్టి ఇంటికి పంపించాను. వీడియో కాల్‌లో వేసుకుని చూపించింది. "బాగుందిరా నాన్నా" అంది. నా మటుకు టికెట్ క్లోజ్.

సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. జాకెట్ కుట్టడం పూర్తిచేసి, హుక్కులు కుట్టే పని పక్కింటి అమ్మాయికి ఇస్తోంది. "సూది జారిపోతోందిరా" అంది. చెయ్యి పట్టుకుని చూస్తే బొటనవేలి మొదట్లో ఉండే కండ ఎడమచేతికి ఉన్నట్టు లేదు, పల్చబడి లోపలికి పోయింది. ఆరు నెలలుగా బ్రేస్ వాడుతూనే ఉంది. మరి ఎందుకిలా అయింది?

అది అర్థం కావాలంటే లోపల ఏముందో తెలియాలి. మణికట్టు దగ్గర, అరచేతి వైపు ఒక సన్నటి దారి ఉంటుంది. అడుగున, పక్కన చిన్న చిన్న ఎముకలు, పైన గట్టి లిగమెంట్ కప్పు. ఈ దారిలోంచి వేళ్లని వంచే తొమ్మిది టెండన్లు, వాటితో పాటు ఒక నరం వెళ్తాయి. ఇంట్లో వైరింగ్ పైపు గుర్తు తెచ్చుకోండి. తొమ్మిది లావు వైర్లు, వాటి మధ్యలో ఒక్క సన్న కేబుల్. వైర్ల చుట్టూ వాపు వచ్చినా, పైపుని ఒకవైపుకి వంచినా నలిగేది ఆ సన్న కేబులే. దాని పేరు మీడియన్ నరం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, వీటికి స్పర్శ ఇచ్చేది ఇదే. చిటికెన వేలు దీని కిందకి రాదు. అందుకే చిటికెన వేలు వదిలేసి మిగతా వేళ్లకి తిమ్మిరి అంటే డాక్టర్లు ముందుగా ఇక్కడే చూస్తారు. తిమ్మిరంతా చిటికెన వేలిలోనే ఉందంటే అది వేరే నరం, చాలాసార్లు మోచేతి దగ్గర సమస్య. దానికి ఈ బ్రేస్ ఎంత ఖరీదుదైనా దండగే.

రాత్రిళ్లే ఎందుకు ఎక్కువంటే, నిద్రలో మనకి తెలియకుండా మణికట్టు లోపలికి ముడుచుకుని పడుకుంటాం. కొందరైతే చెయ్యి చెంప కింద మడిచి పెట్టుకుంటారు. ముడిస్తే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. బాగా వెనక్కి వంచినా పెరుగుతుంది. తిన్నగా, స్కేలు మీద పెట్టినట్టు ఉన్నప్పుడు తక్కువగా ఉంటుంది. కార్పల్ టన్నెల్‌కి బ్రేస్ చేసే పనల్లా ఇంతే, నిద్రపోయినప్పుడు మణికట్టుని వంగనివ్వకుండా తిన్నగా ఉంచడం. అది మందేమీ కాదు, కాపలా మాత్రమే.

ఇప్పుడు అమ్మ ఏం చేసిందో చూడండి. పగలంతా వేసుకుంది, ఎందుకంటే పని చేస్తేనే చెయ్యి నొప్పి కదా అని. రాత్రి చెమట పడుతోందని తీసి దిండు పక్కన పెట్టింది. కాపలావాణ్ణి పగలు నిలబెట్టి, దొంగలు వచ్చే టైమ్‌కి ఇంటికి పంపించినట్టు! పైగా బ్రేస్ వేసుకునే కత్తెర పట్టింది. లోపల బద్ద మణికట్టుని వంగనివ్వదు, కత్తెర వంగమంటుంది. దాంతో వేళ్లు మరింత గట్టిగా నొక్కాల్సి వచ్చింది, ఆ బరువు మోచేతికి, భుజానికి పాకింది. రెండు నెలలకి భుజం నొప్పి కూడా మొదలైందట. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రాత్రి వేసుకోమని చెప్పానా అంటే, చెప్పలేదు. ఆ డబ్బాలో ఉన్న కాగితం ఇంగ్లీషులో ఉంది.

ఇంకోటుంది, ఇది చాలామందికి తెలియదు. స్ప్లింట్‌లో ఉండే అల్యూమినియం బద్ద షాపు నుంచి వచ్చేటప్పటికే చాలావాటిలో పైకి వంగి ఉంటుంది. చెయ్యి కాస్త వెనక్కి లేచి, ట్రాఫిక్ పోలీసు ఆపమన్నట్టు ఉంటుంది. కొన్ని రకాల నొప్పులకి, బెణుకులకి ఆ వంపు మంచిదే. కార్పల్ టన్నెల్‌కి కాదు. ఆ బద్దని జేబులోంచి బయటికి లాగి, టేబుల్ అంచు మీద పెట్టి మెల్లగా నొక్కి తిన్నగా చేసి మళ్లీ పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పని. నేను ఇంజినీర్‌ని, ఆ బద్ద బయటికి వస్తుందని కూడా చూడలేదు.

వేసుకునేటప్పుడు ఇంకో చెక్ ఉంది. అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా గీత ఉంటుంది కదా, బ్రేస్ అంచు ఆ గీత దాటి పైకి రాకూడదు. నాలుగు వేళ్లూ పిడికిలి బిగించగలగాలి, బొటనవేలు చూపుడువేలిని తాకగలగాలి. సైజు కోసం మణికట్టు చుట్టుకొలత టేపుతో కొలిచి ఆర్డర్ పెట్టండి. చాలా మోడల్స్‌లో ఎడమ, కుడి వేరే వేరే, అది కూడా చూసుకోండి. బిగువు ఎంతంటే, పట్టీ కింద ఒక వేలు దూరాలి. వేళ్లు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరి పెరిగినా వెంటనే వదులు చేయాలి. గట్టిగా బిగిస్తే త్వరగా తగ్గుతుందని బిగించేవాళ్లున్నారు, మా బాబాయ్ ఒకరు. తిమ్మిరికి వేసుకున్నది తిమ్మిరి తెప్పించింది.

ఎన్నాళ్లు? సాధారణంగా రోజూ రాత్రి, ఆరు వారాల పాటు వాడి చూడమంటారు. మూడు రాత్రులు వేసుకుని పనిచేయట్లేదనడం కుదరదు. 2018లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. మరీ తీవ్రంగా లేని కార్పల్ టన్నెల్ వాళ్లలో సగం మందికి మణికట్టులో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, మిగతావాళ్లకి రాత్రి స్ప్లింట్ ఇచ్చారు. ఆరు వారాలకి ఇంజెక్షన్ వాళ్లే బెటర్‌గా ఉన్నారు. ఆరు నెలలకి రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే నిద్ర పట్టనంత బాధ ఉన్నవాళ్లకి స్ప్లింట్ ఒక్కటే దారి కాదు, ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని అడగొచ్చు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ ఇది వచ్చే అవకాశం ఎక్కువ. గర్భంతో వచ్చింది చాలామందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది, కాబట్టి ఆ కొన్ని నెలలకి రాత్రి స్ప్లింట్ బాగా పనికొస్తుంది.

అయితే బొటనవేలి కింద కండ కరిగిందన్నా, తిమ్మిరి రాత్రీపగలూ పోకుండా ఉందన్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయన్నా ఇక బ్రేస్‌తో టైమ్ పాస్ చేసే దశ దాటిపోయింది. అమ్మని గుంటూరు తీసుకెళ్లాం. నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో చూసే టెస్ట్ చేశారు. ఆపరేషన్ అన్నారు. పైన కప్పులా ఉన్న ఆ లిగమెంట్‌ని కోసి దారి వెడల్పు చేస్తారు, చేతికి మాత్రమే మత్తు, సాయంత్రానికి ఇంటికొచ్చేసింది. రాత్రి తిమ్మిరి పోయింది. కండ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. వస్తుందన్న గ్యారంటీ లేదని డాక్టర్ ముందే చెప్పారు. హుక్కులు ఇప్పటికీ పక్కింటి అమ్మాయే కుడుతోంది.

సరే, ఇప్పుడు మీ సంగతికొద్దాం. ఈ వీడియోని ఒంటిచేత్తో ఫోన్ పట్టుకుని, అదే చేతి బొటనవేలితో స్క్రోల్ చేస్తూ చూస్తున్నారు కదా? మీకు నొప్పి బొటనవేలి వైపు మణికట్టు మీద ఉండి, సీసా మూత తిప్పేటప్పుడు కలుక్కుమంటుంటే అది వేరే సమస్య కావచ్చు. బొటనవేలిని లాగే రెండు టెండన్లు అక్కడ ఒక గొట్టంలాంటి తొడుగులోంచి వెళ్తాయి, ఆ తొడుగు మందమైతే ఒరుసుకుంటాయి. 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ దీన్ని వివరించాడు, ఆయన పేరే పెట్టారు. చంటిపిల్లల్ని చంకల కింద చేతులేసి పదే పదే ఎత్తుకునే తల్లులకి బాగా వస్తుంది. బొటనవేలిని పిడికిలిలో పెట్టుకుని, చెయ్యిని చిటికెన వేలి వైపు మెల్లగా వంచి చూడండి. ఆ చోట సుర్రుమంటే అనుమానించాలి. దీనికి నా టేబుల్ మీదున్న మూడోది కావాలి, బొటనవేలిని కూడా పట్టి ఉంచేది. రెండోది వేసుకుంటే బొటనవేలు ఫ్రీగా ఉంటుంది, మీరు స్క్రోల్ చేస్తూనే ఉంటారు, నొప్పి అక్కడే ఉంటుంది.

ఇక బైక్ మీద నుంచో, మెట్ల మీదో పడి అరచెయ్యి నేలకి ఆనించిన కేసు. దీన్ని మాత్రం సీరియస్‌గా తీసుకోండి. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది. పడ్డాక అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. ఇబ్బంది ఏంటంటే, మొదటి రోజు ఎక్స్‌రేలో ఇది కొన్నిసార్లు కనిపించదు. అందుకే మంచి డాక్టర్ ఎక్స్‌రే మామూలుగా ఉన్నా చెయ్యి కదలకుండా కట్టు కట్టి, పది పద్నాలుగు రోజులకి మళ్లీ తీయిస్తారు, లేదా ఎమ్మారై రాస్తారు. ఈ ఎముకకి రక్తం ఎక్కువగా ఒక చివర నుంచే వెళ్తుంది, మధ్యలో విరిగితే రెండో ముక్కకి అందక అతుక్కోకుండా ఉండిపోవచ్చు. నా రూమ్‌మేట్ బెణుకే అనుకుని సాగే పట్టీ చుట్టుకుని రెండు నెలలు ఆఫీసుకెళ్లాడు. చివరికి స్క్రూ వేశారు. ఆ పట్టీ నొప్పిని ఓర్చుకునేంత తగ్గించింది, అదే కొంప ముంచింది.

గల్లీ క్రికెట్ ఆడేవాళ్లకి ఒక ముక్క. క్యాచ్ పట్టబోతే బంతి వేలి కొసకి తగిలి, కొస కిందకి వాలిపోయి మీ అంతట మీరు లేపలేకపోతే డాక్టర్‌కి చూపించండి. దానికి వేలికి చిన్న ప్లాస్టిక్ స్ప్లింట్ ఇస్తారు. ఇది కార్పల్ టన్నెల్‌కి పూర్తిగా రివర్స్. రాత్రి, పగలు, స్నానం, అన్నం, ఆరు నుంచి ఎనిమిది వారాలు కొస ఒక్కసారి కూడా వంగకూడదు. వంగితే లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి.

మరి ఈ మొదటి నల్ల పట్టీ ఎందుకంటారా? వెచ్చగా ఉంటుంది, చేతిని జాగ్రత్తగా వాడాలని గుర్తు చేస్తుంది. తప్పేం లేదు. కానీ అది మణికట్టుని ఆపదు. వేసుకుని వంచి చూడండి, హాయిగా వంగుతుంది.

గట్టి స్ప్లింట్ వేసుకుని బండి మాత్రం నడపకండి, బ్రేకు, క్లచ్ మీద పట్టు సరిగ్గా దొరకదు. డాక్టర్ చెప్పకుండా వారాల తరబడి ఇరవై నాలుగ్గంటలూ వేసుకోవద్దు, కీలు బిగుసుకుపోతుంది, కండ వాడక్కపోవడంతో మెత్తబడుతుంది. ఉతికేటప్పుడు బద్ద తీసేసి, వెల్క్రో మూసేసి, సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. వెల్క్రో తెరిచి ఉంచితే బకెట్‌లో ఉన్న దారాలన్నీ దానికే అంటుకుంటాయి.

చెమట సంగతి అమ్మే తేల్చింది. ఈ మధ్య ఆమె ఎడమచేతికి కూడా కొద్దిగా తిమ్మిరి మొదలైంది, ఇది రెండు చేతులకీ రావడం మామూలే. ఈసారి ముందే డాక్టర్‌కి చూపించాం, రాత్రిళ్లు స్ప్లింట్ వేసుకుంటోంది. బద్ద తనే తిన్నగా చేసుకుంది. జాకెట్ల లైనింగ్ గుడ్డ మిగిలితే దాంతో మోచేతి దాకా వచ్చే సన్నటి తొడుగు కుట్టుకుని, దాని మీద స్ప్లింట్ వేసుకుంటోంది. చెమట అది పీల్చేస్తోంది, పొద్దున్నే ఉతికేసుకుంటోంది. నాకూ రెండు పంపించింది. వీడియోలో నా చేతికి ఉన్న నీలం రంగుది అదే.