దక్కను దొంగ పన్ను

జహీరాబాదు పరిసరాలలో చెరకు పండే నల్లరేగడి నేలలు ఉన్నాయి. గోడలు కట్టే ఎర్రని చిల్లుల రాయి కూడా ఉంది. ఈ రెండింటికీ తల్లి ఒకటే. అదే నల్లరాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట భూమి పగుళ్ళలోంచి పొంగి పారిన లావా చల్లారి ఈ రాయి అయింది. పొర మీద పొరగా మెట్లలాగా కనబడుతుంది కనుక శాస్త్రజ్ఞులు దీనిని దక్కను ట్రాప్ అన్నారు. స్వీడిష్ భాషలో 'ట్రాపా' అంటే మెట్లు.

మరి కాగే లావాలో జంతువుల శిలాజాలు ఎలా దొరుకుతాయి? లావా ఒక్కసారే రాలేదు. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ మధ్య చాలా కాలం గడిచేది. ఆ వ్యవధిలో చెట్లు మొలిచేవి, చెరువులు ఏర్పడేవి. చెరువు అడుగు బురదలో నత్తగుల్లలు, చేప ముళ్ళు, కప్పల ఎముకలు పేరుకొనేవి. తరువాత వచ్చిన లావా ఆ బురదను మూతలాగా కప్పి కాపాడింది.

జహీరాబాదుకు దక్షిణాన, వికారాబాదు ప్రాంతంలో నస్కల్ అనే ఊరుంది. అక్కడి అటువంటి పొరలో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రజ్ఞులకు అతి చిన్న పళ్ళు దొరికాయి. గడ్డపారతో తవ్వితే అవి కంటికి ఆనవు. మట్టిని నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క రేణువునే వెదకాలి. ఒక్కొక్క పన్ను ఆవగింజంత ఉంటుంది!

అంత చిన్న పన్నుతో ఏమి తెలుస్తుంది? పన్ను మీది పింగాణీ శరీరంలోకెల్లా గట్టిది. అందుకే ఎముకలు చివికినా పళ్ళు మిగులుతాయి. మొనలను బట్టి ఆహారం తెలుస్తుంది. ఈ పళ్ళు పురుగులను నమిలే చుంచెలుకవంటి క్షీరదానివి. క్రెటేషియస్ కాలపు క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదలు. ఆ సంగతి 1988లో ప్రకటించారు. తరువాత దొరికిన చీలమండ ఎముకలను బట్టి అది చెట్లెక్కేదని తోచింది.

దానికి పెట్టిన పేరు డెక్కనోలెస్టెస్ హిస్లోపి. గ్రీకులో 'లెస్టెస్' అంటే దొంగ. అంటే దక్కను దొంగ అన్నమాట! రెండవ మాట స్టీఫెన్ హిస్లాప్‌ను గుర్తుచేస్తుంది. నాగపూరులో ఉంటూ ఈ శిలాజాలను తొలినాళ్ళలోనే సేకరించిన ఆయన 1863లో నీటిలో మునిగి చనిపోయాడు. 125 ఏళ్ళ తరువాత ఒక బుల్లి జంతువు ఆయన పేరు మోసింది.

డైనోసార్లు నశించాయి. చుంచెలుకలంతటి క్షీరదాలలో కొన్ని బతికి బట్టకట్టాయి. అటువంటివాటి సంతతిలోనివారమే మనమూ.

బావి తవ్వేచోట, కంకర క్వారీలో నల్లరాతి పొరల నడుమ గుల్లలున్న రాయి కనబడితే పగలగొట్టకండి. ఏ ఊరిలో, ఎంత లోతున, ఏ పొరలో ఉందో రాసుకొని మీ సైన్సు మాస్టారికి చూపండి. చోటు తెలియని శిలాజం చిరునామా లేని ఉత్తరం వంటిది. అది కంకరమిల్లులో పడితే ఉత్తరమూ దక్కదు.