అతుకు ప్రక్కన పొంచియున్న తుప్పు

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని మన గట్టి నమ్మకము. కృష్ణానగర్ వంటి పేటలలోని మేడమెట్ల కటకటాలు మొదలు రసాయనిక కర్మాగారములలోని తొట్ల వరకు దీని వాడుక విస్తరించినది. హైదరాబాదులోనే 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు, 1973లో మిశ్ర ధాతు నిగమ్ వెలసినవి; ఇట్టి ఉక్కుల తయారీ ఈ నగరమునకు కొత్త కాదు. అయినను ఒక్కొక్కప్పుడు తొట్టి గోడ చెక్కుచెదరకుండగనే, అతుకునకు కొంచెము ఎడముగా లోహము సన్నని గీతవలె తినివేయబడి, లోని ద్రవము కారజొచ్చును. అతుకు చూచుటకు బాగుగనే యుండును. మరి లోపమెచ్చట?

ఈ ఉక్కులో ఎక్కువ వాడుకలోనున్న రకమున నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి, కంటికి కనబడని పలుచని పొరయై లోహమును కాపాడును. వెల్డింగు చేయునప్పుడు అతుకునకు ఇరుప్రక్కల కొంత భాగము 450 నుండి 850 సెంటీగ్రేడు డిగ్రీల వేడికి లోనగును. ఆ వేడిలో ఉక్కులోని కర్బనము క్రోమియముతో కూడి, లోహపు రేణువుల సరిహద్దులలో కార్బైడుగా పేరుకొనును. దాని ప్రక్కనున్న లోహమునకు క్రోమియము కొరవడును. ఇటుకలు గట్టిగానున్నను నడుమనున్న సున్నము రాలిపోయిన గోడ వంటిదే ఆ ఉక్కు.

మామూలు ఉక్కు అతుకులను సుమారు 600 డిగ్రీలకు వేడిచేసి మెల్లగా చల్లార్చుట పనివారికి అలవాటు. దానివలన లోపలి బిగువు సడలును. ఆ పద్ధతినే దీనికి ప్రయోగించినచో రోగము ముదురును. దీనిని కొలిమిలో సుమారు 1050 డిగ్రీలకు వేడిచేసి, వెంటనే నీటిలో చల్లార్చవలెను. అప్పుడు కార్బైడు కరిగిపోవును; మరల పేరుకొనుటకు దానికి వ్యవధి చిక్కదు.

పెద్ద తొట్టిని కొలిమిలో పెట్టుట సాధ్యము కాదు; పెట్టినను వంకరపోవచ్చును. అట్టిచోట నూటికి 0.03 పాలుకు మించని కర్బనము గల 304ఎల్ రకమునో, టైటానియము చేర్చిన 321 రకమునో ముందే ఎన్నుకొనుట మేలు. ఇక నికెలు లేని 410 రకము కథ వేరు. అతుకుటకు ముందు దానిని 200 డిగ్రీలకు పైగా వెచ్చజేసి, తరువాత సుమారు 700 డిగ్రీల వేడిలో ఉంచనిచో అతుకు పెళుసై పగులును.

ఒకదానికి మందైన వేడి మరియొకదానికి విషము. కావున కొలిమి రాజేయుటకు ముందు, చేతనున్న ఉక్కు ఏ రకమో విచారించుట పనివాని మొదటి ధర్మము.