మూల మారిస్తే మోత తగ్గుతుంది

నంద్యాల: సినిమా హాలు సౌండు ఇంట్లోనే వినాలని హోం థియేటర్ కొన్నవారికి ఒక చిక్కు ఎదురవుతుంటుంది. మాటలు సరిగా వినపడవు. సబ్‌వూఫర్ అనే పెద్ద పెట్టె మాత్రం గుమ్‌గుమ్‌మంటూ ఇల్లదరగొడుతుంది. ఇంకా ఖరీదైన పెట్టె కొంటే బాగుపడుతుందనుకోవడం పొరపాటు. దోషం పెట్టెది కాదు, పెట్టిన చోటుది.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు ఇళ్లలో నేలకు బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లు పరవడం మామూలే. రాయి శబ్దాన్ని పీల్చుకోదు, తిప్పి కొడుతుంది. పైగా 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 28 అడుగులు. అంతటి అల చిన్న గదిలో గోడల మధ్య చిక్కుకుని ఒకచోట రెట్టింపవుతుంది, మరోచోట అణగిపోతుంది. కర్టెన్లు కట్టినా పెద్దగా లాభముండదు. మూలకు నెడితే మోత మరీ ఎక్కువ. అయినా అడ్డం లేకుండా ఉంటుందని మూలకే నెడుతుంటారు!

ఖర్చులేని ఉపాయం ఒకటుంది. మీరు కూర్చునే కుర్చీ తీసి పెట్టెను అక్కడుంచి, డప్పు దరువు బాగా ఉన్న పాట వేయండి. మోకాళ్లమీద గోడవెంట పాకుతూ వినండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. దెబ్బదెబ్బ విడిగా, నిండుగా వినిపించిన చోటే పెట్టెకు తగిన చోటు. దాన్ని అక్కడికి మార్చి, క్రాసోవర్ మరను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచాలి. ఫేజ్ మీట ఉంటే రెండువైపులా మార్చి, నిండుగా వినిపించిన వైపు వదిలేయాలి.

పొరుగింటితో ఉమ్మడి గోడ ఉంటే పెట్టెను దానికి ఆనించవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెళ్లే.