వేధశాలలో వేసవి రాత్రి

పెండ్లినాడు పురోహితుడు అరుంధతిని చూపగా, కనబడకున్నను తల యూపినవారు మనలో పలువురు. వైశాఖమాసమున రాత్రి తొమ్మిది గంటల వేళ సప్తర్షిమండలము ఉత్తరమున ఎత్తుగా నిలుచును. దాని తోకలో చివరినుండి రెండవవాడు వసిష్ఠుడు. ఆయన చెంతనున్న చిన్న చుక్కయే అరుంధతి. నగరదీపముల వెలుగులో ఆ చుక్క మరుగుపడుచున్నది.

వేధశాలలు ఊళ్లకు దూరముగా పోవుటకు కారణమిదియే. తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరు వేధశాల అట్టిది. దానిని నెలకొల్పిన వైను బప్పు, హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు. అచట 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శిని పరిశోధకులది. మనబోంట్లకు చిన్న దూరదర్శినియే చాలును; అందులో చూచినచో వసిష్ఠుడు ఒక్క చుక్క కాడు, రెండు!

పోవుటకు ముందు సందర్శన దినములు విచారించుకొనుడు. పున్నమి రాత్రులు విడువుడు. కన్ను చీకటికి అలవడుటకు ఇరువది నిమిషములైనను పట్టును. ఒక్కరు చేతిదీపము గాని సెల్‌ఫోను గాని వెలిగించినచో అందరి నిరీక్షణయు వ్యర్థమగును. దీపమార్పి, ఓపికతో నిలువుడు. పిల్లలకు ముందుగా చూపుడు. రేపు వారి పెండ్లిలో ఊరక తల యూపవలసిన పని యుండదు.