శరణార్థి శిబిరంలో చెరగని చిట్టా

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు తూర్పున, ఎడారి మధ్యలో అజ్రక్ శరణార్థి శిబిరం ఉంది. సిరియా అంతర్యుద్ధంలో ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ రేకుల గదుల్లో బతుకుతున్నారు. శిబిరంలోని సూపర్‌మార్కెట్లో సరుకులు తీసుకుని కౌంటరు దగ్గరికి వచ్చిన మనిషి జేబులోంచి డబ్బు తీయడు, కార్డూ తీయడు. అక్కడున్న చిన్న కెమెరాలోకి ఒక్క క్షణం చూస్తాడు. ఐరిస్ సరిపోలిందంటే బిల్లు కట్టినట్టే. తెలుగు రాష్ట్రాల రేషన్ దుకాణాల్లో వేలిముద్ర పడని ముసలివాళ్లకు ఐరిస్‌తో సరుకులివ్వడం చూసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. కొత్తదనమంతా ఆ తర్వాత ఉంది. ఆ కొనుగోలు పద్దు ఏ బ్యాంకు ఖాతాలోనూ పడదు. ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే ‘బిల్డింగ్ బ్లాక్స్’ అనే బ్లాక్‌చైన్‌లో పడుతుంది. 2017 మే నెలలో 10,000 మందితో అజ్రక్‌లో మొదలైన ఈ ఏర్పాటు, మరుసటి ఏడాది జోర్డాన్‌లోనే ఉన్న జాతరీ శిబిరాన్నీ కలుపుకుని లక్ష మందికి పైగా చేరింది. పేద దేశాల అభివృద్ధికి బ్లాక్‌చైన్ పనికొస్తుందా, వస్తే ఎంతవరకు అన్నది తేల్చుకోవడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

బ్లాక్‌చైన్ అంటే ఒక పద్దుల పుస్తకం. మన ఊళ్లలో స్థలం కొనేవారు ముందుగా అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఇప్పటి దస్తావేజులో దాని ముందరి దస్తావేజు నంబరు ఉంటుంది, ఆ ముందరిదాంట్లో అంతకుముందరిది. నడుమ ఒక కాగితం మార్చారంటే వరస పొసగక మోసం బయటపడుతుంది. బ్లాక్‌చైన్‌లో పేజీని బ్లాక్ అంటారు. ప్రతి బ్లాకులోనూ ముందరి బ్లాకు తాలూకు ‘హ్యాష్’ ఉంటుంది. పేజీలోని మొత్తం రాతను ఒక గణిత సూత్రంలో వేసి తీసిన చిన్న గుర్తు అది. పేజీకి వేలిముద్ర అనుకోవచ్చు. లోపల ఒక్క అంకె మారినా హ్యాష్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. దాంతో ఆ తర్వాతి పేజీలన్నీ తప్పుతాయి.

ఈ ఆలోచన బిట్‌కాయిన్ కంటే పాతది. డిజిటల్ పత్రాలకు దిద్దడానికి వీల్లేని తేదీ ముద్ర వేసే పద్ధతిని 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. తర్వాత వాళ్ల సంస్థ వారం వారం ఒక హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చు వేయించేది. ఇంటింటికీ చేరిన పత్రికలన్నీ వెనక్కి తెచ్చి ఆ ముద్రను మార్చడం ఎవరి తరం? 2008లో సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం ఈ గొలుసుకు మరో ఏర్పాటు జోడించింది. పుస్తకం ఒకరి దగ్గర ఉండదు. అదే ప్రతి ఎన్నో కంప్యూటర్లలో ఉంటుంది, కొత్త పద్దు రాయాలంటే అవి ఒక నియమం ప్రకారం ఏకాభిప్రాయానికి రావాలి. ఆ కంప్యూటర్లను నోడ్లు అంటారు.

ఈ రెండో ఏర్పాటు విలువ తెలుగువారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరి భూముల లెక్కలన్నీ కరణం చేతిలోనో పట్వారీ చేతిలోనో ఉన్న కాలంలో, ఆ పుస్తకంలో ఏముందో రైతుకు తెలిసేది కాదు. తెలిసినా, రాత మారిందని రుజువు చేయడానికి అతని దగ్గర రెండో ప్రతి ఉండేది కాదు. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి గానీ, పుస్తకం ఒకరి చేతిలోనే ఉంటే ఏమవుతుందన్న భయం కుటుంబాల జ్ఞాపకంలో ఇంకా ఉంది.

అంతర్జాతీయ సాయంలో ఇబ్బంది కొంచెం వేరు. అక్కడ పుస్తకాలు మరీ ఎక్కువ. 2015లో ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలు 2030 నాటికి సాధించాలని 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నాయి. పేదరికం, ఆకలి నిర్మూలన మొదలు పుట్టిన ప్రతి బిడ్డకూ చట్టబద్ధమైన గుర్తింపు దాకా అన్నీ అందులో ఉన్నాయి. వాటికోసం ఖర్చయ్యే డబ్బు దాతల నుంచి ఐరాస సంస్థలకు, అక్కడి నుంచి స్థానిక ప్రభుత్వానికో స్వచ్ఛంద సంస్థకో, బ్యాంకుకు, దుకాణానికి, చివరికి మనిషికి చేరాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. అవన్నీ సరిచూసుకోవడానికే నెలలు పడతాయి, దారిలో ప్రతి మజిలీలోనూ కొంత తరుగు పోతుంది.

బిల్డింగ్ బ్లాక్స్ పుట్టింది ఈ తరుగు తగ్గించడానికే. 2017 జనవరిలో పాకిస్థాన్‌లోని సింధ్‌లో సుమారు వంద మందితో మొదటి ప్రయోగం జరిగింది. అప్పుడు వాడినది ఎవరైనా చేరగల బహిరంగ ఎథీరియం బ్లాక్‌చైన్. లావాదేవీ నమోదు కావడం ఆలస్యమైంది, రుసుమూ ఎక్కువైంది. అందుకే జోర్డాన్‌కు వచ్చేసరికి, అనుమతి ఉన్న సంస్థలు మాత్రమే రాయగలిగే సొంత గొలుసుకు మారారు. అంతకుముందు శరణార్థుల పేరిట ఒక బ్యాంకు ఖాతాలు నిర్వహించేది. డబ్బు ముందే అక్కడ వేయాలి, ప్రతి బదిలీకీ రుసుము కట్టాలి, శరణార్థుల వివరాలూ ఆ బ్యాంకుకు ఇవ్వాలి. కొత్త పద్ధతిలో ఎవరికి ఎంత రావాలో బ్లాక్‌చైన్‌లోనే రాసి ఉంటుంది. కొన్నప్పుడల్లా అందులో తగ్గుతుంది. ఆ లెక్క ప్రకారం దుకాణాలకు మొత్తంగా చెల్లిస్తారు. బ్యాంకు రుసుముల్లో 98 శాతం ఆదా అయిందని సంస్థ ప్రకటించింది. ఇందులో బిట్‌కాయిన్ వంటి నాణెం ఏదీ లేదన్నది గమనించాలి. ధర పెరుగుతుందని కొని దాచుకునే క్రిప్టో వ్యాపారానికీ దీనికీ చుట్టరికం సాంకేతికతలో మాత్రమే.

అయితే మొదట్లో ఒక అభ్యంతరం గట్టిగా వచ్చింది. నోడ్లన్నీ ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు ఇది మామూలు డేటాబేస్ కంటే ఏం గొప్ప? ఈ ప్రశ్న న్యాయమైనది. ఒకే ఇంట్లో నాలుగు గదుల్లో నాలుగు ప్రతులు పెట్టుకుంటే కాపలా పెరిగినట్టు కాదు. బ్యాంకును పక్కన పెట్టడం వల్ల వచ్చిన ఆదా, నిజానికి సాధారణ డేటాబేస్‌తోనూ వచ్చేదే. బ్లాక్‌చైన్‌కు అర్థం వచ్చింది రెండో సంస్థ చేరినప్పుడు. జోర్డాన్ శిబిరాల్లో ఉపాధి పొందే స్త్రీలకు కూలి చెల్లించడానికి ఐరాస మహిళా విభాగం అదే గొలుసులో చేరింది. ఒకరి పుస్తకం ఒకరికి అప్పగించకుండానే ఇద్దరూ ఒకే లెక్క చూడగలిగారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక దీని అసలు ప్రయోజనం తెలిసింది. పదుల సంఖ్యలో సంస్థలు ఒకేసారి నగదు సాయం పంచుతుంటే ఒక కుటుంబానికి రెండుసార్లు అందడం, పక్క కుటుంబానికి అసలు అందకపోవడం మామూలు. ఎవరికి ఎవరు ఇచ్చారో ఉమ్మడి గొలుసులో సరిచూసుకోవడంతో ఆ రెండోసారి డబ్బు మొదటిసారి కూడా అందని ఇంటికి మళ్లించే వీలు కలిగింది. ఒకరినొకరు పూర్తిగా నమ్మని, ఒకరి కింద ఒకరు పనిచేయని సంస్థలు ఒకే లెక్క మీద ఏకాభిప్రాయానికి రావాల్సి ఉంటే బ్లాక్‌చైన్ కావాలి. అలాంటి అవసరం లేనిచోట అది దండగ.

భూమి రికార్డుల కథ ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చెబుతుంది. జార్జియా దేశం 2016లో బిట్‌ఫ్యూరీ అనే సంస్థతో ఒప్పందం చేసుకుని తన భూ రిజిస్ట్రీని బ్లాక్‌చైన్‌కు అనుసంధానించింది. పత్రాలు ప్రభుత్వ రిజిస్ట్రీలోనే ఉంటాయి, వాటి హ్యాష్‌లు మాత్రం బిట్‌కాయిన్ గొలుసులో పడతాయి. దాంతో కార్యాలయంలో ఎవరైనా పాత పత్రం దిద్దితే పట్టుబడుతుంది. కొద్దికాలంలోనే 15 లక్షల దాకా హక్కు పత్రాలు ఇందులో చేరాయి. అంతకు ఒక ఏడాది ముందు హోండురాస్‌లోనూ ఇలాంటి ప్రయత్నమే ప్రకటించారు. అది ముందుకు సాగలేదు. జార్జియా అప్పటికే ఏళ్ల తరబడి రిజిస్ట్రీని ప్రక్షాళన చేసి, హక్కుల తగాదాలు చాలావరకు తీర్చుకుని ఉంది. హోండురాస్‌లో ఎవరి భూమి ఎవరిదన్నదే తేలలేదు. తప్పుడు పేరును చెరగని సిరాతో రాస్తే తప్పు శాశ్వతమవుతుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్ కూడా 2017లో స్వీడన్‌కు చెందిన క్రోమావేతో కలిసి భూ రికార్డుల ప్రయోగం చేపట్టింది. అమరావతి ప్రాంతాన్ని అందుకు ఎంచుకోవడంలో తర్కం ఉంది. భూసమీకరణలో రైతులు 33,000 ఎకరాలకు పైగా ఇచ్చారు. బదులుగా వచ్చే ప్లాట్లన్నీ కొత్తగా గీసినవి, కొత్తగా రాసినవి. పాత చిక్కులు లేని రికార్డును మొదటి పేజీ నుంచే గొలుసులో పెట్టే అవకాశం అరుదు. అదే, సర్వే రాళ్లు కదిలిపోయి, అడంగల్‌లో ఒక పేరు, సాగులో ఇంకొక మనిషి ఉన్న ఊళ్లో ముందు కావలసింది గొలుసూ టేపూ పట్టుకుని పొలంలోకి దిగే సర్వేయరే.

సరుకుల రవాణాలోనూ ఇదే చిక్కు. 2018లో ప్రపంచ వన్యప్రాణి నిధి ఫిజీ సముద్రంలో పట్టే ట్యూనా చేపలకు ట్యాగులు కట్టి, పడవ నుంచి శుద్ధి కర్మాగారం దాకా ప్రతి అడుగూ బ్లాక్‌చైన్‌లో రాసే ప్రయోగం చేసింది. దొంగ వేట, కూలీలతో వెట్టిచాకిరీ అరికట్టాలన్నది దాని ఉద్దేశం. కానీ పడవ మీద వేరే చేపకు ట్యాగు కడితే గొలుసు ఆ అబద్ధాన్నీ భద్రంగా దాస్తుంది. టీకాల విషయంలో పరిస్థితి కాస్త నయం. చల్లదనం తగ్గితే పాడయ్యే టీకా పెట్టెలో ఉష్ణోగ్రత కొలిచే పరికరమే నేరుగా పద్దు రాయగలదు, మనిషి చేయి పడదు. యునిసెఫ్ పెట్టుబడి అందుకున్న హైదరాబాద్ స్టార్టప్ స్టాట్‌విగ్ టీకాల జాడ తెలిపే వ్యవస్థ మీద పనిచేసింది.

వలస కూలీలు ఇంటికి పంపే డబ్బు మీద రుసుము 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలన్నది సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో సగటు ఇంకా 6 శాతం దాటే ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో ఆ తేడా బడి ఫీజుకో మందులకో సరిపడే మొత్తం. డాలరు విలువకు కట్టిన స్టేబుల్‌కాయిన్లతో ఈ ఖర్చు తగ్గించవచ్చని ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2022 చివర్లో ఐరాస శరణార్థుల సంస్థ ఉక్రెయిన్ నిర్వాసితులకు స్టెల్లార్ బ్లాక్‌చైన్ మీద ఇలాంటి నాణేలు పంపింది, వాళ్లు మనీగ్రామ్ కౌంటర్లలో నగదు తీసుకున్నారు. ఊళ్లో నగదు ఇచ్చే కౌంటరు లేకపోతే మాత్రం ఫోన్లో ఉన్న నాణెం కూరగాయలు కొనిపెట్టదు. పొదుపు విషయంలో తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ చేసిన పని ప్రస్తావించదగినది. చిట్టీల కంపెనీల పాటలు, వాయిదాలు బ్లాక్‌చైన్ ఆధారిత ‘టీ-చిట్స్’లో నమోదయ్యే ఏర్పాటు తెచ్చింది. చిట్టీ ఎత్తేసి పారిపోయినవాళ్ల చేతిలో కష్టార్జితం పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్న సమాజానికి ఇది చిన్న విషయం కాదు.

పర్యావరణం పేరు చెప్పి చేసే పనికి విపరీతంగా కరెంటు తాగే సాధనం వాడటం తగునా అన్న ప్రశ్న చాలాకాలం నిలిచింది. బిట్‌కాయిన్ విషయంలో అది ఇప్పటికీ నిలిచే ఉంది. కొత్త బ్లాకు ఎవరు రాయాలో తేల్చడానికి అందులో కంప్యూటర్లు పోటీపడి లెక్కలు వేస్తాయి కాబట్టి, దాని ఏడాది విద్యుత్ వాడకం కొన్ని దేశాల వాడకాన్ని మించుతుంది. ఎథీరియం 2022 సెప్టెంబరులో ఈ పద్ధతి మార్చుకుని వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది. బిల్డింగ్ బ్లాక్స్ వంటి అనుమతి గొలుసులకు మొదటి నుంచీ ఆ పోటీ లెక్కింపు లేదు.

మిగిలిన ప్రశ్న మనిషి వివరాలది. చెరగకపోవడం డబ్బు లెక్కకు బలం, కానీ శరణార్థి పేరుకు అది ప్రమాదం కావచ్చు. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాల నుంచి సేకరించిన వివరాలు వారు తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా మయన్మార్ ప్రభుత్వానికి చేరాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2021లో వెల్లడించింది. అది బ్లాక్‌చైన్‌లోని సమాచారం కాదు. కానీ ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారి జాబితా ఎవరి చేతికి పోగలదో అది చూపింది. ఇలాంటి ముప్పు ఉంటుందనే బిల్డింగ్ బ్లాక్స్ గొలుసులో పేర్లు, ఐరిస్ గుర్తులు పెట్టరు. ఎవరో చెప్పని ఒక సంఖ్య, దాని పక్కన మొత్తం మాత్రమే ఉంటాయి. ఐరిస్ వివరాలు శరణార్థుల సంస్థ దగ్గర విడిగా ఉంటాయి. శరణార్థి తన లావాదేవీల చరిత్రనూ గుర్తింపునూ తన సొంత డిజిటల్ పర్సులో పెట్టుకుని, శిబిరం వదిలి ఎక్కడికి వెళ్లినా తీసుకెళ్లగలగాలన్నది ఈ పథకం మొదలుపెట్టినవారి దీర్ఘకాలిక ఆశయం. కానీ అజ్రక్‌లో శరణార్థి కెమెరాలోకి చూసి సరుకులు తీసుకుంటున్న పద్ధతిలో ఆ పర్సు తాళంచెవి శరణార్థి చేతిలో లేదు, ప్రపంచ ఆహార కార్యక్రమం దగ్గరే ఉంది.